పెన్న వరదలో తడిసిన మా ఇంటి బొంతను విప్పి మళ్లా కుట్టిన అనుభవం

మా అమ్మకు బొంత కుట్టడం మా అవ్వ నేర్పింది. అవ్వకు వాళ్లమ్మ, అంటే మా ముత్తవ్వ నేర్పింది. అంతకు ముందు సంగతి చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. అమ్మకు మేమిద్దరం మగపిల్లలమే, అందుకని ఈ పని అమ్మతోనే ఆగిపోతుందని బంధువులందరూ అనుకున్నారు, పైకి అనకపోయినా లోపల అందరి మాటా అదే. 2021 నవంబర్‌లో పెన్న పొంగి కోవూరు వైపు ఊళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు మా ఇంట్లో ఇనపపెట్టె అడుగున ఉన్న పెద్ద బొంత, దాని మీద మడతపెట్టి దాచిన అమ్మ నూలు చీరలు అన్నీ నానిపోయాయి. ఆ బొంతను పొర పొరగా విప్పి, ఉతికి, మళ్లా కుట్టేదాకా అమ్మ పక్కన కూర్చుని నేను నేర్చుకున్నాను. చాలా ఇళ్లలో అటకల మీద పాత బొంతలు పడుంటాయి, వాటిని పారెయ్యాలా ఉంచాలా తెలియక అలాగే వదిలేస్తారు, అలాంటివాళ్లకు పనికొస్తుందని మేం చేసిందంతా రాస్తున్నా.

ఆ వరద గురించి నెల్లూరు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిల నుంచి లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు, పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మా ఇంట్లో మోకాటి లోతు నీళ్లు. బీరువాలో పై అరల్లో ఉన్నవి బతికాయి, నేల మీద ఉన్న ఇనపపెట్టె మాత్రం నిండా మునిగింది. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే లోపల ఒండ్రు, బట్టల మడతల మధ్య కూడా సన్నటి ఒండ్రు పేరుకుపోయి ఉంది.

మొదటి పని నానిన బొంతను బయటికి తియ్యడం, ఇది చెప్పినంత తేలిక కాదు. నీళ్లు పీల్చిన బొంత ఇద్దరు పట్టినా లేవలేదు. నేను ఒక కొస పట్టుకుని లాగబోతే అమ్మ అరిచింది, "అబ్బయ్యా, లాగబాకు! కుట్లన్నీ తెగిపోతాయి, కింద చేతులు పెట్టి ఎత్తు" అని. తడి బొంతను పిండకూడదు, దండెం మీద వెయ్యకూడదు, నీళ్ల బరువంతా ఒకే గీత మీద పడి అక్కడే చిరుగుతుంది. కింద దుప్పటి దూర్చి, దుప్పటితో పాటు నలుగురం ఎత్తి నులకమంచం మీద పరిచాం. మంచం అయితే కింద నుంచి నీళ్లు కారిపోతాయి, గాలి కూడా తగులుతుంది. ఆ రోజుల్లో ఎండ సరిగా కాయలేదు, మబ్బు, మధ్యలో జల్లులు. కరెంటు వచ్చాక ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం, అయినా లోపలి పొరలు ఆరలేదు, ముక్కవాసన మొదలైంది, అక్కడక్కడా బూజు మచ్చలు కూడా కనపడ్డాయి.

చీరల విషయంలో అమ్మ ఎవరినీ సబ్బు ముట్టుకోనివ్వలేదు. ఒండ్రు ఉన్న గుడ్డకు సబ్బు పెట్టి రుద్దితే ఆ సన్నటి ఇసుక నూలుపోగుల్ని కోసేస్తుంది. ఉత్తి నీళ్లలోనే జాడించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లా జాడించి, బకెట్టు అడుగున ఒండ్రు చేరనంత వరకూ అదే పని. ఆ తర్వాతే సబ్బు నీళ్లు. మా వదిన బ్లీచింగ్ పౌడర్ వేద్దామంది గానీ అమ్మ ఒప్పుకోలేదు, మరక పోతుందేమో గానీ గుడ్డ బలం కూడా దాంతోనే పోతుందని. మరకలు ఉండిపోయాయి. కట్టుకోవడానికి ఆ చీరలు ఇక పనికిరావు, కానీ నేత గట్టిగానే ఉంది. "కట్టుకోను పనికిరాకపోతే కప్పుకోను పనికొస్తాయి" అంది అమ్మ, బొంత విప్పి ఈ చీరలతో మళ్లా కుట్టాలనే ఆలోచన అక్కడే మొదలైంది.

కుట్టే ముందు ఒకసారి బయట కూడా అడిగి చూద్దామని నెల్లూరులో ఒక పరుపుల షాపుకి పట్టుకెళ్లాం. వాళ్లు బొంతను రెండుసార్లు నొక్కి చూసి, ఇంత మందానికి మా మిషన్ దిగదు, ముక్కలు కోసిస్తే పరుపు కింద అడుక్కి వేస్తాం అన్నారు. అమ్మ ఆ మాటకు జవాబు కూడా చెప్పకుండా బొంత చుట్టి ఆటోలో పెట్టింది. దారిలో నాతో అన్నది, "ఆ నడిమధ్యలో ఉండేది మా అవ్వ చీర. దాన్ని కొయ్యమంటాడా." అమ్మకు అవ్వ అంటే నాకు ముత్తవ్వ.

నాకు అప్పటిదాకా బొంత అంటే పాత చీరలు నాలుగు పేర్చి కుట్టేదనే తెలుసు. లోపల ఇంకో బొంత, దాని లోపల ఇంకొకటి ఉంటాయని తెలియదు. మా ఇంట్లో బొంత చిరిగితే పారెయ్యరు, దాని మీద కొత్త పొర వేసి మళ్లా కుడతారు. పాతది అలాగే లోపల ఉండిపోతుంది. అందుకే అది అంత మందం, అంత బరువు.

ఎండలు ముదిరేదాకా ఆగాం. అప్పట్లో నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఉండబట్టి ఇంట్లోనే ఉన్నాను, సాయంత్రాలూ ఆదివారాలూ ఈ పని. బొంత విప్పడానికి ఒక పద్ధతి ఉంది. కత్తెర పెట్టి గీత పొడుగునా కోసుకుంటూ పోతే కింది గుడ్డ కూడా తెగుతుంది. పై వైపు మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున సన్నటి కత్తెర మొనతో దారాన్ని తెంపాలి. తర్వాత బొంత తిరగేసి కింది వైపు నుంచి దారం లాగితే జారుకుంటూ వచ్చేస్తుంది. బిగుసుకున్న చోట లాగకూడదు, అక్కడ ఇంకో కుట్టు తెంపాలి. ఓపిక కావాలి. టీవీ చూస్తూ చేసే పని మాత్రం కాదు, చూపు పక్కకు పోతే కత్తెర మొన నేతలోకి దిగుతుంది.

మొదట ఊడింది అమ్మ చీర, పాటూరు నేత, లేత ఆకుపచ్చ, నేను చిన్నప్పుడు ముఖం తుడుచుకున్న కొంగు అదే. పాటూరు మాకు దగ్గరే, కోవూరు మండలంలోని నేత ఊరు, మా ఇంట్లో ఆడవాళ్ల రోజువారీ చీరలు ఒకప్పుడు అక్కడివే ఎక్కువ.

దాని కింద నైలెక్స్ చీర, అంటే నూలు కాని సింథటిక్ గుడ్డ. మా పిన్నమ్మది, నారింజ రంగు పూలు. ఇన్నేళ్లయినా రంగు అణువంత కూడా పోలేదు. నైలెక్స్ చీరలు కొత్తగా వచ్చిన రోజుల్లో అందరికీ ఎంత మోజో అమ్మ చెప్పింది, ఉతికితే వెంటనే ఆరేది, ఇస్త్రీ అక్కర్లేదు, నలగదు. అంత ఇష్టమైన చీరను పిన్నమ్మ అక్క ఇంటి బొంతకని ఇచ్చింది. కానీ పాడైన చోట్లన్నీ ఆ పొర చుట్టూనే ఉన్నాయి. ఉతికితే నూలు కొంచెం కుంచించుకుంటుంది, నైలెక్స్ కుంచించుకోదు, రెంటినీ కలిపి కుట్టిన దారం మీదే ఆ గుంజులాట అంతా పడుతుంది. పైగా అది చెమట పీల్చదు, వేసవిలో ఆ బొంత మీద పడుకుంటే వీపు ఎందుకు అంత ఉడికిపోయేదో అప్పుడు అర్థమైంది. వరద నీళ్లు లోపల ఆరకుండా నిలబడింది కూడా సరిగ్గా ఆ పొర కిందే, బూజు అంతా అక్కడే.

నైలెక్స్ తీశాక లోపల ఒక పూర్తి బొంత బయటపడింది. దానికి దాని అంచు కుట్టు వేరే, వరసలు వేరే. అమ్మ దాన్ని చేత్తో తడుముతూ, "ఇది మీ అవ్వ కుట్టిందే" అంది. ఎట్లా తెలిసిందంటే ముడులు చూపించింది. కుడిచేత్తో కుట్టేవాళ్లు కుడి అంచున మొదలుపెట్టి ఎడమకు పోతారు కాబట్టి మొదలు ముడి కుడివైపు ఉంటుంది. అవ్వది పుర్రచెయ్యి. అన్ని వరసల ముడులూ ఎడమ అంచునే ఉన్నాయి. అవ్వ పోయి చాలా ఏళ్లయింది, ఆమె చేతిరాత మా దగ్గర లేదు, ఆమెకు రాయడం రాదు. ఆమె చెయ్యి ఎట్లా కదిలేదో చెప్పేది మా ఇంట్లో అదొక్కటే, ఆ ముడుల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఆ పొరలో చీరల మీద అక్కడక్కడా తుప్పు మరకలు. వాటి కథ అమ్మకు బాగా తెలుసు. 1989 నవంబర్‌లో వచ్చిన పెద్ద తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది, అవ్వ వాళ్ల ఊరు కావలికి తూర్పున సముద్రం వైపు. ఇంటి పెంకులు లేచిపోయి, వాన నేరుగా ఇంట్లో పడి, ఇనపపెట్టెలో చీరలు తడిసి, ఆ పెట్టె తుప్పు చీరలకు అంటుకుంది. అందులో ఒకటి అవ్వ పెళ్లిళ్లకు కట్టుకునే ఎర్ర వెంకటగిరి చీర, సన్న నూలు, వెడల్పు జరీ అంచు. జరీ అంచు కోసి తీసేసింది గానీ గుడ్డను మాత్రం బొంతలో పెట్టింది. తుఫానుకు తడిసిన చీరలతో అవ్వ ఆ బొంత కుట్టింది, వరదకు తడిసిన చీరలతో ఆమె కూతురు దాని మీద ఇంకో పొర వెయ్యబోతోంది. ఈ సంగతి నాకు తట్టి అమ్మతో అంటే, "పెట్టె మంచం మీద పెట్టుకోమని మా అమ్మ అప్పుడే చెప్పింది" అని మాత్రం అంది.

ఇంకా లోపలికి పోతే తాత పంచెలు రెండు, అంచు రంగు వెలిసి తెల్లబడ్డాయి. వాటి కింద మైదా సంచులు విప్పి కలిపి కుట్టిన పొర, సంచి మీద అచ్చు వేసిన అక్షరాలు లీలగా కనపడుతున్నాయి, చదవడానికి మాత్రం రాలేదు. ఒకప్పుడు మైదా నూలు సంచుల్లో వచ్చేది, గుడ్డ కొనడం కష్టమైన ఇళ్లలో ఆ సంచి ఖాళీ అయ్యాక లోపావడా అయ్యేది, దిండు గలీబు అయ్యేది, చివరికి బొంతలోకి చేరేది.

అన్నిటికంటే లోపల ముత్తవ్వ చీర. ముతక గుడ్డ, పోగు ఒక చోట లావు, ఒక చోట సన్నం. మిల్లు నూలు అట్లా ఉండదు, అది రాట్నం మీద వడికిన నూలని అమ్మ అంది. ముత్తవ్వ పుట్టిల్లు ఇందుకూరుపేట వైపు. అక్కడే పల్లిపాడులో పెన్న ఒడ్డున 1921లో గాంధీ గారు ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహాశ్రమం ఉంది. తన చిన్నతనంలో ఆ చుట్టుపక్కల ఇళ్లలో రాట్నం తిప్పేవాళ్లని ముత్తవ్వ అమ్మతో చెబుతుండేదట. ఈ గుడ్డ అక్కడిదే అని రుజువు చేసే కాగితం ఏదీ మా దగ్గర లేదు, నాకు దాని అవసరం కూడా కనపడలేదు. ముత్తవ్వ కుట్లు మాత్రం చూడాల్సినవే. మిగతా ఇద్దరి కుట్ల కంటే చిన్నవి, వరసల మధ్య దూరం కూడా తక్కువ, దారం చాలాచోట్ల మాసిపోయి గుడ్డలో కలిసిపోయింది గానీ తెగలేదు. అమ్మ ఆ పొరను విప్పనివ్వలేదు. "ఇది ఇట్లాగే ఉండాల. దీన్ని విప్పితే మళ్లా ఇట్లా కుట్టేవాళ్లు లేరు" అంది.

కాబట్టి చివరికి లెక్క ఇదీ. ముత్తవ్వ పొర, మైదా సంచులు, తాత పంచెలు కలిసి ఉన్న లోపలి బొంతను విప్పకుండా అలాగే ఉంచడం. అవ్వ పొరలో తుప్పు పట్టి చిల్లులు పడ్డ చోట్ల మాసికలు వెయ్యడం. నైలెక్స్ తీసెయ్యడం. వరదలో తడిసిన అమ్మ చీరలు పైన వెయ్యడం.

లోపలి బొంతను ఉతకడానికి రుద్దలేదు. మేడ మీద పెద్ద ప్లాస్టిక్ పట్టా పరిచి, దాన్ని తొట్టిలాగా మడిచి నీళ్లు పోసి అందులో బొంతను నానబెట్టి, అరచేత్తో మెల్లగా నొక్కుతూ మురికి దింపి, నీళ్లు మార్చుకుంటూ పోయాం. తర్వాత మళ్లా నులకమంచమే. నెల్లూరు ఎండలో అటు ఒక పూట, ఇటు ఒక పూట తిప్పితే ముక్కవాసన పూర్తిగా పోయింది. మే నెల ఎండను తిట్టుకోకుండా ఉన్నది నేను ఆ ఒక్క సంవత్సరమే.

ఇక గుడ్డల ఎంపిక. నా ఉద్దేశంలో ఈ పనిలో అసలు విద్య ఇక్కడే ఉంది. కుట్టడం ఎవరికైనా కొన్నాళ్లకు చేతికి వస్తుంది, ఏ గుడ్డ ఎక్కడ వెయ్యాలో తెలియడం మాత్రం పక్కన కూర్చోబెట్టి చూపించేవాళ్లు ఉంటేనే వస్తుంది. అమ్మ ప్రతి చీరనూ ముందు ఎండకు అడ్డం పట్టి చూసేది, ఎక్కడ వెలుగు ఎక్కువ దిగుతుందో అక్కడ నేత పలచబడిందన్నమాట. తర్వాత రెండు చేతులతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి బిగించి లాగేది. చిటపటమని సన్నగా చప్పుడొస్తే ఆ గుడ్డ పోగులు లోపల తెగుతున్నాయి, అది పైపొరకు పనికిరాదు, మధ్యలోకి పోవాలి. చీరలో కూచిళ్లు వచ్చే భాగం, నడుం దగ్గర దోపుకునే భాగం ముందు పాడవుతాయి, కొంగు వైపు గట్టిగా ఉంటుంది. అందుకని పొరలు పేర్చేటప్పుడు ఒక చీర పలచన భాగం మీద ఇంకో చీర గట్టి భాగం పడేలా తిప్పి వెయ్యాలి. ఎర్ర రంగు, ముదురు నీలం లాంటివి రంగు దిగుతాయేమోనని తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా తుడిచి చూసేది. రంగు అంటితే దాన్ని లేత రంగు పక్కన వెయ్యదు. కొత్త చీర ఏదైనా వాడాల్సి వస్తే గంజి పూర్తిగా పోయేదాకా నానబెట్టి ఉతికి ఆరేసి అప్పుడే కొలతకు కోస్తుంది, లేకపోతే కుట్టాక కుంచించుకుని బొంత ముడతలు పడుతుంది. జరీ అంచులు, గట్టి అంచులు మొత్తం తీసేస్తుంది, ఒంటికి గుచ్చుకుంటాయి, పక్కనున్న మెత్తటి గుడ్డను కూడా అరగదీస్తాయి.

కొలత సంగతి: ఆరు గజాల చీరను పొడవులో మూడు మడతలు వేస్తే ఒక్కో మడత ఆరడుగులు, వెడల్పు చీర పన్నా ఎంతో అంత, దాదాపు నాలుగడుగులు. ఒక మనిషి పడుకునే బొంతకు అది సరిగ్గా సరిపోతుంది, ఒక్క చీరతో మూడు పొరలు. మా బొంత ఆ కొలతే.

పరవడం వరండాలో. గచ్చు కడిగి ఆరాక కింది పొర పరిచి నాలుగు మూలలా బరువు పెట్టి, దాని మీద లోపలి బొంత, దాని మీద పై పొరలు. ప్రతి పొర వేసినప్పుడూ నడిమి నుంచి అంచులకు అరచేత్తో ముడత సాపు చెయ్యాలి. టాకాలు, అంటే పొరలు కదలకుండా ముందుగా వేసే వదులు కుట్లు, అవి కూడా అంతే, నడుమ మొదలుపెట్టి బయటికి. అంచుల నుంచి లోపలికి వస్తే వదులు గుడ్డంతా మధ్యలో చేరి ఉబ్బుగా నిలబడిపోతుంది, ఇక దాన్ని ఏమీ చెయ్యలేం. టాకాలకు జానెడు దూరం చాలు, తర్వాత తీసేసేవే కాబట్టి కంటికి కనపడే వేరే రంగు దారం వాడతారు.

దారం నూలుదే ఉండాలని అమ్మ పట్టు. పాలిస్టర్ దారం తెగదు నిజమే, కానీ అది తెగకపోవడమే ఇబ్బంది, పాత నూలు గుడ్డను అదే కోసేస్తుంది. కుట్టు తెగితే మళ్లా వేసుకోవచ్చు, గుడ్డ తెగితే ఏం చేస్తాం. మిషన్ దారం రెండు పేటలు చేసి దాన్ని మైనం ముక్క మీద లాగితే చిక్కుపడదు, గుడ్డలోంచి జారుతుంది. సూదికి మూరన్నరకు మించి ఎక్కించనిచ్చేది కాదు. పొడుగు దారం అయితే ముడిపడుతుంది, పైగా అన్నిసార్లు గుడ్డలోంచి దూరి చివరికొచ్చేసరికి దారమే అరిగిపోతుంది. ముడి పైకి కనపడకూడదు, పొరల మధ్యలోకి లాగి దాచాలి.

కుట్టు బియ్యపుగింజంత, వరసకూ వరసకూ మధ్య బొటనవేలి వెడల్పు. ఇది అవ్వ పెట్టిన కొలత, అమ్మ మార్చలేదు. ముందు చుట్టూ అంచు రెండు వరసలు కుట్టి, తర్వాత పొడుగునా వరసలు. లోపల అంత మందం ఉంటే సూది ఒకేసారి నాలుగైదు కుట్లు పట్టదు. సూదిని నిలువుగా కిందికి దించి, కింద చేత్తో అందుకుని, మళ్లా పైకి పంపాలి, కుట్టు కుట్టుకూ అదే. దబ్బనం వాడితే తేలికగా దిగుతుంది గానీ పెద్ద చిల్లి పడుతుంది, పాత గుడ్డకు అది పనికిరాదు. మధ్యవేలికి ఇత్తడి తొడుగు పెట్టుకోకపోతే సూది వెనక కొస చర్మంలో దిగబడుతుంది. మొదట్లో నా వేళ్లు బాగా నొప్పి పుట్టేవి, మెడ పట్టేసేది. అమ్మ మాత్రం కాలు చాపుకుని, బొంతను ఒళ్లోకి లాక్కుని, మాట్లాడుకుంటూనే వరస తర్వాత వరస వేసుకుంటూ పోయేది. ఎదురెదురుగా కూర్చుని ఆమె ఒక కొస నుంచి, నేను ఒక కొస నుంచి కుట్టాం.

మిషన్ మీద ఎందుకు వెయ్యకూడదని నేనూ అడిగాను. ఇంట్లో కాలితో తొక్కే ఉషా మిషన్ ఉంది, అమ్మ దాని మీద ఊళ్లోవాళ్లకు జాకెట్లు కుట్టింది, మా ఫీజులు కొన్ని అట్లా కట్టినవే. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి, చిల్లులు దగ్గర దగ్గరగా పడతాయి. పాత గుడ్డ ఆ గీత వెంట చింపినట్టు విడిపోతుంది. చేతి కుట్టులో దారానికి కొంచెం వదులు ఉంటుంది, మనిషి పొర్లినప్పుడు బొంత ఆ వదులుతో సర్దుకుంటుంది. అందుకని మిషన్‌ను అమ్మ మాసిక ముక్కలు ముందుగా జత చెయ్యడానికి మాత్రమే వాడింది.

సాయంత్రం పూట వరండాలో కుడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. "ఏంది వదినా, మగపిల్లోడి చేత బొంత కుట్టిస్తుండావు, కోడలు లేదా" అని ఒకావిడ అడిగింది. అమ్మ తల ఎత్తకుండానే, "బజారులో దర్జీలంతా ఎవరక్కా, మగోళ్లు కాదా" అంది. ఆవిడే మర్నాడు వాళ్లింటి బొంత పట్టుకొచ్చింది చూడమని. ఆవిడ అత్తగారు కుట్టిందట, అంచు అంతా ఊడిపోయింది. ఆ తర్వాత ఇంకొకరు. వరదలో తడిసినవి ఎన్ని ఇళ్లలో ఉన్నాయో అప్పుడే తెలిసింది, చాలామంది అప్పటికే పారేశారు కూడా. పారేసినందుకు వాళ్లను తప్పుపట్టను, ఒండ్రు ఎత్తిపోసుకునే రోజుల్లో ఎవరికి ఓపిక ఉంటుంది. కానీ ఒకావిడ వాళ్లమ్మ బొంత చెత్త ట్రాక్టర్‌లో వేసేశానని చెప్పి మా బొంత అంచు పట్టుకుని ఏడ్చింది, నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

వానలు మొదలయ్యేలోపు బొంత పూర్తయింది. చివరి వరస కుట్టాక అమ్మ చేసిన ఒక పని చెప్పాలి. మూలకు పాత జాకెట్టు గుడ్డ చిన్న ముక్క వేసి, దాని మీద "2022" అని కాడకుట్టుతో నా చేత కుట్టించింది. ఇంతకు ముందు మా ఇంట్లో ఎవరూ అట్లా చెయ్యలేదు. ఈసారి విప్పేవాళ్లు ముడులు చూసి వెతుక్కునే పని ఉండకూడదంది. నేను పక్కన అమ్మ పేరు, అవ్వ పేరు కూడా కుట్టాను.

ఇప్పుడు దాన్ని ఎలా చూసుకుంటున్నామో కూడా చెప్తా. వాడే రోజుల్లో దాని మీద దుప్పటి పరిచి వాడతాం, దుప్పటి ఉతికితే చాలు, బొంతను ఏటా ఒక్కసారే వేసవిలో ఉతుకుతాం. వాషింగ్ మిషన్‌లో ఎప్పుడూ వెయ్యం. దాచేటప్పుడు ఎప్పుడూ ఒకే మడత మీద పెట్టకూడదు, మడత గీత దగ్గర నేత విరుగుతుంది, అందుకని చుట్టి పెడతాం, చుట్టను అప్పుడప్పుడూ విప్పి ఎండలో వేసి తిరగేసి చుడతాం. ప్లాస్టిక్ కవర్ వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పిన్నమ్మ నైలెక్స్ చీరను పారెయ్యలేదు, చుట్టను కట్టడానికి వెడల్పు పట్టీలుగా కుట్టాం, ఆ నారింజ పూలు ఇప్పుడు బయటికి కనపడతాయి. ఇనపపెట్టె అటక మీదకు చేరింది. మా పాపకు ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడం వచ్చు, అమ్మ కళ్లకు సూది బెజ్జం ఆనడం లేదు కాబట్టి ఆ పని దానిదే, ఎక్కించినందుకు నాయనమ్మ దగ్గర ఒక కథ వసూలు చేస్తుంది.

వచ్చే వేసవిలో కావలిలో పిన్నమ్మ ఇంటి బొంత విప్పాలి. అది కూడా అవ్వ కుట్టినదే, దాని మీద పిన్నమ్మ వేసుకున్న పొరలు ఉన్నాయి, అందులో కూడా నైలెక్స్ ఉంది, అది వాళ్లాయన పెళ్లయిన కొత్తలో కొనిచ్చిన చీర. అది తియ్యకుండా కుట్టమంటుంది పిన్నమ్మ. తియ్యకపోతే బొంత నిలవదంటుంది అమ్మ. ఫోన్లో ఇద్దరికీ దీని మీద చాలా వాదన జరిగింది, ఇంకా తేలలేదు. నేను ఆలోచించింది ఒకటుంది, ఆ చీరను లోపల కాకుండా అన్నిటికంటే పైన, టాకాలతో విడిగా తొడుగులాగా వేస్తే ఉతికేటప్పుడు విప్పుకోవచ్చు, నూలు పొరల గుంజులాట దానికి తగలదు, బొంత మీద కళ్లకు ఎదురుగానూ ఉంటుంది. అమ్మకు చెప్తే కొంచెంసేపు ఆలోచించి, "ముందు ఒక మూల కుట్టి చూపించు" అంది.